పాట అబద్ధమా?



కావ్యము, గానము, శిల్పము మొదలగు కళలకును సత్యమునకును గల సంబంధమెట్టిది? ఆ రెంటికిని కళాకారుని శీలముతో నేమి పని? తత్త్వశాస్త్రమునందు ఇది మిక్కిలి ప్రాచీనమైన ప్రశ్న. ఈ పాఠమున దానిని కొంత విచారింపదలచితిని. అయితే నాకీ ప్రశ్న మొదట గ్రంథములలో తారసిల్లలేదు. తొమ్మిదవ తరగతి చదువుచుండిన యొక పిల్లవాని నోట వింటిని. కావున ముందుగా ఆ సంగతి మనవి చేసెదను.

20 ఏండ్లకు పైబడిన మాట. తుంగభద్ర యొడ్డుననున్న మా పల్లెలో, మఠము ముంగిట, బసవజయంతినాటి రాత్రి శివకథా కాలక్షేపము జరిగినది. దూరపుటూరినుండి పేరు గడించిన కథకుడొకరు వచ్చిరి. హార్మోనియము వాయించువాడు ఆయన వెంట వచ్చెను. మృదంగమునకు మా యూరివాడే కుదిరెను. ఆనాటి కథ ఐదక్కి మారయ్య, లక్కమ్మలది. కల్యాణములో బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమదాసోహము నడపుకొనెడివారు. ఒకనాడు మారయ్య వాడుకకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని ముట్టలేదు. ఇది మన కాయకపు బియ్యము కాదు, ఆశ తెచ్చిన బియ్యము, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపినది. కథ యింతే. కాని ఆ రాత్రి ఆ కథకుడు లక్కమ్మయై నిలిచి, అరచేయి చాపి, లేని గింజలను మనకు చూపి, ఆ యొక్క మాటను రాగమునుండి రాగమునకు త్రిప్పి పాడినపుడు పందిట చీమ చిటుక్కుమనలేదు. వడ్డీవ్యాపారము చేయు పెద్దమనిషి యొకడు ఉత్తరీయముతో కన్నులొత్తుకొనుట నేను చూచితిని.

కథ ముగియునప్పటికి రాత్రి రెండు గంటలైనది. ఉత్సవపు లెక్కలు చూచువాడను నేనే. కథకునికి 3,000 రూపాయలు మాట. అందులో మృదంగమునకు 800 అని అందరి యెదుటను ముందే అనుకొన్నది. నోట్లు నేనే లెక్కించి కథకుని చేతిలో పెట్టితిని. ఆయన మార్దంగికునకు 300 ఇచ్చి, “తక్కినది వచ్చేసారి చూద్దాంలే” అని సంచి ముడివేసికొనెను. మార్దంగికుడు నావైపు చూచెను. నేను లెక్కల పుస్తకమువైపు చూచితిని.

మరునాటి యుదయమున పందిరి విప్పుచుండగా ఆ మార్దంగికుని కొడుకు నా దగ్గరకు వచ్చెను. మా బడి పిల్లవాడే. “అయ్యవారూ, రాత్రి ఆయన పాడిన పాట అబద్ధమా?” అని అడిగెను. “పాటను చూడవలెగాని పాడినవాణ్ణి ఎందుకు చూస్తావురా” అంటిని. వాడు తలయూపి, గుంజ నొకదానిని భుజమున వేసికొని పోయెను. పండిత శిక్షణలో అలంకారశాస్త్రము చదివినవాడను గనుక ఆ యుత్తరము నాకు వెంటనే నోటికి వచ్చినది. అది చాలదని తెలియుటకు కొంతకాలము పట్టినది.

ఈ ప్రశ్ననే రమారమి 2,400 సంవత్సరములకు పూర్వము గ్రీసుదేశమున ఏథెన్సు నగరమందు ప్లేటో యెత్తెను. ఆయన క్రీ.పూ. 427–347 ప్రాంతమువాడు, సోక్రటీసు శిష్యుడు. సంభాషణరూపమున ఆయన వ్రాసిన గ్రంథములలో ‘ఇయోన్’ అను చిన్న పుస్తకము గలదు. ఇయోను ఎఫెససు పట్టణస్థుడు. హోమరు మహాకవి కావ్యములను సభలలో గానముచేసి వ్యాఖ్యానించుట యతని వృత్తి. మన కథకులను తలచుకొనిన ఆ వృత్తి యెట్టిదో బోధపడును. ఎపిడారసులో వైద్యదేవతయగు అస్క్లేపియసు ఉత్సవమునందు మొదటి బహుమానము గెలుచుకొని యతడు ఏథెన్సు చేరుటతో సంభాషణ మారంభమగును.

సోక్రటీసు పొగడుచునే ప్రశ్నించును. రథము తోలుటనుగూర్చి హోమరు చెప్పిన మాట సరియో కాదో నీకు బాగుగా తెలియునా, సారథికి తెలియునా? సారథికేయని ఇయోను ఒప్పుకొనును. ఔషధమును గూర్చి యెవరికి? వైద్యునికి. చేపలు పట్టుటను గూర్చి? జాలరికి. అట్లయిన నీకు స్వయముగా తెలిసినదేమి? ఇయోనునకు ఉత్తరము చిక్కదు. తుదకు సేనాధిపత్యము తనకు తెలియునని చెప్పి నవ్వులపాలగును. ఏమియు తెలియనివాడు వేలకొలది జనుల హృదయములను ఎట్లు కదలింపగలుగుచున్నాడు? దానికి సోక్రటీసు అయస్కాంతము నుపమానముగా చెప్పును. ఆ రాయి యొక యినుపకడియము నాకర్షించును. ఆ కడియమునకు మఱియొకటి, దానికి వేఱొకటి అంటుకొని వ్రేలాడును. కళాధిదేవత అయస్కాంతము, కవి మొదటి కడియము, గాయకుడు నడిమిది, శ్రోత చివరిది. శక్తి పైనుండి దిగుచున్నది. నడిమి కడియమునకు తనదనదగిన జ్ఞాన మేదియు లేదు.

ఈ సంభాషణలో నన్ను నిలువరించిన ఘట్టము వేఱొకటి. జాలి గొలుపు కథ పాడునపుడు నీవు నీ యొడలు మఱచెదవా యని సోక్రటీసు అడుగగా, తన కన్నులు నిజముగానే నీటితో నిండునని ఇయోను చెప్పును. ఆ వెంటనే, ఇంకొకటికూడ దాపరికము లేక ఒప్పుకొనును. తాను వేదికమీదినుండి జనులను కనిపెట్టుచునే యుండునట. వారేడ్చిన తనకు రొక్కము వచ్చును గనుక తాను నవ్వవచ్చును. వారు నవ్విన రొక్కము పోవును గనుక తానేడ్వవలసి వచ్చును! పాఠకులు దీనిని కపటమని త్రోసివేయరాదు. కపటియైనచో కన్నీటి సంగతియు బొంకే కావలెను. ఇయోను కన్నీరు బొంకు కాదు. కన్నీటి వెనుకనున్న లెక్కయు బొంకు కాదు. ఆ రెండును ఒక్క మనిషిలో, ఒక్క గడియలో, ఒకదాని నొకటి చెఱుపకయే నిలుచుచున్నవి. మా యూరి పందిటి క్రింద నేను చూచినదియు ఇదియే.

సంభాషణ ముగింపు మఱింత తీక్ష్ణమైనది. నీకు విద్య యుండియు నాకు చూపక దాటవేయుచున్న యెడల నీవు అన్యాయపరుడవు; విద్య లేక దైవావేశమున పాడుచున్న యెడల దివ్యుడవు; నిన్నేమని పిలువవలెనో నీవే కోరుకొమ్మని సోక్రటీసు అడుగును. దివ్యుడనిపించుకొనుటయే మేలని ఇయోను సంతోషముగా కోరుకొనును. ఆ పిలుపు స్వీకరించుటతో తన పాటకు తాను జవాబుదారీ కానని యొప్పుకొన్నట్లే. ఎంత సులభమైన విడుదల! “పాటను చూడవలెగాని” అని నేను పిల్లవానికి చెప్పిన మాటకూడ ఇట్టి విడుదలయే. కథకునికి మాత్రమే కాదు, లెక్కల పుస్తకము చూచినవానికిని.

తరువాత వ్రాసిన ‘రిపబ్లిక్’ అను పెద్ద గ్రంథమునందు ప్లేటో యీ విచారమును ఇంకను ముందునకు నడపెను. పదియవ భాగమున మంచపు దృష్టాంతము సుప్రసిద్ధము. మంచమను మూలతత్త్వము దైవసృష్టి. దానినిబట్టి వడ్రంగి చేయునది కొయ్యమంచము. ఆ కొయ్యమంచము ఒక వైపునుండి కనబడు తీరును చూచి చిత్రకారుడు వ్రాయునది మంచపు బొమ్మ. సత్యమునకు అది మూడవ మెట్టున నున్నది. మఱియు కళ్లెము ఎట్లుండవలెనో దానిని వాడు రౌతునకు తెలియును. రౌతు చెప్పగా చేయువానికి నమ్మిక గలదు. బొమ్మ వ్రాయువానికి ఆ రెండును లేవు. కవికూడ ఇట్టివాడే యని ప్లేటో యభియోగము. ధైర్యమునుగూర్చి వ్రాయును, ధైర్యము తెలియదు. ధర్మమునుగూర్చి పాడును, ధర్మము తెలియదు. అంతేకాక, నాటకశాలలో పరుల దుఃఖమునకు కన్నీరు కార్చి యానందించు నలవాటు మనలోని బలహీనమైన భాగమును పెంచి పోషించునని యాయన వాదించెను. ఈ కారణములచే తన ఆదర్శరాజ్యమున దేవతాస్తుతులకును సజ్జనుల ప్రశంసలకును మాత్రమే తావిచ్చి తక్కిన కవిత్వమును వెడలగొట్టెను. కవిత్వము ప్రయోజనకరమని యెవరైన వాదించి నిరూపించినచో సంతోషముగా మరల పిలిచెదమనియు అన్నాడు. ఆ వాక్యము పలికినవాని గుండెలో కవిత్వముపై మక్కువ యుండెనని నా యభిప్రాయము. యౌవనమున తాను వ్రాసిన నాటకములను సోక్రటీసు మాటలు విన్న తరువాత కాల్చివేసెనని ఆయననుగూర్చి ప్రాచీనుల ఐతిహ్యము కలదు.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిలు గురువునకు సమాధానము చెప్పెను. చరిత్ర జరిగినదానిని చెప్పును. కవిత్వము ఇట్టివాడు ఇట్టి స్థితిలో ఏమి చేయునో చెప్పును. కావున కవిత్వము చరిత్రకంటె తత్త్వమునకు దగ్గరిది యని ఆయన మతము. ఇది పాట పక్షమున గొప్ప వాదమే. లక్కమ్మ కథ ఏనాటి యే తేదీన జరిగెనో తెలియకపోయినను, ఆశ ఇంటికి వచ్చినపుడు దాని నెట్లు గుర్తించవలెనో ఆ కథలో నున్నది. కాని పాడినవాని సంగతి అరిస్టాటిలు వాదములో రాదు.

ఆ సంగతి మన ఆలంకారికులకు వచ్చినది. కావ్యోపదేశము ప్రభువు ఆజ్ఞవలె గాక, స్నేహితుని హితవువలె గాక, ప్రియురాలి మాటవలె మనస్సును లోగొనునని మమ్మటుడు చెప్పినది మన విద్యార్థు లెరిగినదే. అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యానమున ఇంకొక సూక్ష్మము చెప్పెను. రస మెవరిది? ప్రేక్షకునిది. నటుడు ఆస్వాదనకు సాధనము మాత్రమే. అందుచేతనే యతనిని పాత్ర యనుట. పానపాత్రకు పానీయపు రుచి తెలియదు గదా! ఈ యుపమానమునకు శిక్షణ కాలమున నేనెంత మురిసిపోయితినో చెప్పలేను. పిల్లవానికి నేనిచ్చిన యుత్తరము దీని నీడయే. అయితే గిన్నెకు కూలి ఇయ్యవలసిన పని లేదు. కథకునికి ఉన్నది. గిన్నె నాటకమయిన పిమ్మట బోర్లించి పెట్టదగినది. మనిషి ఇంటికి పోవలెను. అభినవగుప్తుడు రస మెక్కడ నుండునని విచారించెను, ఆ విచారమునకు పాత్ర యను మాట నప్పినది. దానిని తెచ్చి మనిషి బాధ్యతకు మూతపెట్టుట నా పొరపాటు.

రష్యాదేశపు టాల్‌స్టాయి ఈ మూతను తీసివేసినవారిలో గట్టివాడు. ‘కళ యనగా నేమి?’ అను గ్రంథమును 15 ఏండ్లు ఆలోచించి 1898 నాటికి ప్రకటించెను. ఒకడు తాననుభవించిన భావమును బాహ్యచిహ్నములచే ఇతరులకు అందించుటయు, వారికది అంటుకొనుటయు కళ యని ఆయన నిర్వచనము. అంటుకొనుటకు ముఖ్యమైన కారణము కళాకారుని నిష్కాపట్యము. తన కూతురు పెండ్లియై యింటికి వచ్చినపుడు పల్లెస్త్రీలు కొడవళ్లు వాయించుచు పాడిన పాట తన మనస్సును తేలిక చేసినదనియు, ఆ సాయంకాలమే విన్న బీథోవెను రచన తనను కదలింపలేదనియు అందులో వ్రాసెను. ఆ కొలతతో తన పుస్తకములనుగూడ కొలిచి, లోకము కొనియాడిన ‘యుద్ధము–శాంతి’, ‘అన్నా కరేనినా’లను సైతము తక్కువ కళలో చేర్చి, రెండు చిన్న కథలను మాత్రము మంచివని మిగుల్చుకొనెను. ఇంత నిర్దాక్షిణ్యముగా తన్ను తాను తూచుకొన్న రచయితను నేను వేఱొకని నెఱుగను. ఆస్తి పాపమని బోధించుచు ఎస్టేటులో నివసించుట తనకు ముల్లువలె గ్రుచ్చుకొనుచునే యుండెను. తుదకు 1910లో 82 ఏండ్ల వయస్సున ఇల్లు విడిచి బయలుదేరి అస్తపోవో రైలుస్టేషనులో మరణించెను. పల్లెస్త్రీల పాటను గూర్చి టాల్‌స్టాయి చెప్పినది నేను మనసార ఒప్పుకొందును. బీథోవెను సంగతి సంగీతజ్ఞులు చూచుకొనవలెను.

నిష్కాపట్యమే గీటురాయి యనిన, మా కథకుని పాటను ఆ రాయి పట్టుకొనజాలదు. ఆయన మనసున లేనిది పాడెనని నేను నమ్మను. ఆయన గొంతు వణికినది, ఆ వణకు నేర్చినది కాదు. మఱి ఆ భావము మెట్లు దిగునంతలో ఎక్కడికి పోయినది?

దీనికి ఆంగ్ల తత్త్వవేత్తయు నవలారచయిత్రియు నగు ఐరిస్ మర్డాక్ 1970లో ప్రకటించిన ‘ది సావరిన్టీ ఆఫ్ గుడ్’ అను పుస్తకమున కొంత వెలుగు దొరకును. ఆమె దృష్టాంతము చాల సామాన్యమైనది. తనకు జరిగిన యే చిన్నతనమునో తలచుకొని కుములుచు కిటికీ దగ్గర నిలుచుండగా, బయట ఆకాశమున డేగజాతి చిన్నపక్షి యొకటి గాలిలో కదలక నిలిచి కనబడును. ఆ క్షణమున కుములుచున్న ‘నేను’ మాయమగును. పక్షి మాత్రమే యుండును. తరువాత మరల ఆ విషయము తలపునకు వచ్చినను దాని బరువు తగ్గియుండును. మంచి కళ చేయు పని ఇదేయని ఆమె చెప్పును: తన్ను తాను ప్రక్కకు నెట్టి ఎదుటనున్నదానిని ఉన్నది ఉన్నట్లు చూచుట. సత్యమును శీలమును కలియు చోటు ఆ చూపే. మా కథకుడు లక్కమ్మను పాడినంతసేపు లక్కమ్మనే చూచెను, తన్ను చూచుకొనలేదు. అది యబద్ధము కాదు. దిగిన పిమ్మట చూడవలసినది తన ప్రక్కన ఐదుగంటలు చేతులు నొవ్వ వాయించిన మనిషిని. ఆ చూపు కళ యొసగినది కాదు, తాను తెచ్చుకొనవలసినది. ఆయన తెచ్చుకొనలేదు. నేనును తెచ్చుకొనలేదు.

ఇక మన యింటి మాటకు వత్తము. మాట యెట్లుండవలెనో చెప్పిన బసవేశ్వరుని వచనమొకటి మన యిండ్లలో పిల్లలకుగూడ కంఠస్థమే. అందుచే దానిని మరల వ్రాయను. దాని కట్టుబాటును మాత్రము గమనింపుడు. మొదట బసవన్న మాటకు సౌందర్యమును కోరును. నగలలోని పొందికయు, మణులలోని కాంతియు, నిర్మలత్వమును మాటలో నుండవలెననును. మాట మొఱటుగా నున్నను ఫరవా లేదని యనడు. పిమ్మట ఆ మాటను లింగము విని ఔనని యంగీకరింపవలెననును, అది సత్యము. ఇచటితో వచనము ముగిసియుండిన, మంచి కవిత్వమునకు లక్షణము చెప్పినట్లయ్యెడిది. కాని ముగియలేదు. చివర ఒక ప్రశ్న యున్నది: నడత ఆ మాట లోపల లేకున్న కూడలసంగమదేవుడు మెచ్చునా? ప్లేటో వలె కళను వెడలగొట్టలేదు. ఇయోను వలె కళాకారుని విడిచిపెట్టనులేదు. సౌందర్యమును సత్యమును రెండును కుదిరిన తరువాతనే, కుదిరినందుకే, నడతను అడుగుచున్నాడు.

ఆ ప్రశ్న నడుగుచున్నది ఎవరిని? వచనముల సంపుటము తెఱచి చూచినవారికి తెలియును: బసవన్న నేరము మోపునపుడు తన మనస్సును, తన భక్తిలోని బూటకమును బోనునందు నిలబెట్టిన వచనములు ఎన్నియో కలవు. వచనము చివరనుండు అంకితమును నేనొక సాక్షిసంతకముగా భావింతును. బసవన్నకు కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి చెన్నమల్లికార్జునుడు. మాట యాడినవాని పేరు కాదది. ఆ మాట యెవరి యెదుట ఆడబడినదో వారి పేరు. కోర్టులో సాక్షి ప్రమాణము చేయునట్లు ప్రతి వచనమును ఆ పేరుతో ముగియును. ఇది వక్త తనకు తాను వేసికొన్న కట్టు. ఇతర కవులను తూచుటకు ఇచ్చిన త్రాసు కాదు. ఈ భేదము మఱచినచో నుడి–నడత యను మాటయే పరులను కొట్టు కఱ్ఱగా మారును. మన సభలలో అట్లు మారుట నేను పలుమార్లు చూచితిని.

మఱియొక విశేషము. కవికి తాను పాడు వస్తువు తెలియదన్న ప్లేటో అభియోగము 12వ శతాబ్దపు కల్యాణమున నిలువదు. అక్కడ పడవనుగూర్చి పలికినవాడు పడవ నడపు అంబిగర చౌడయ్యయే. నులియ చందయ్య త్రాళ్లు పేనినవాడే. మడివాళ మాచయ్య మైలబట్టలు ఉతికినవాడే. ఎక్కువైన బియ్యమును వెనుకకు పంపిన లక్కమ్మయే మారయ్యప్రియ అమరేశ్వరలింగ యను అంకితముతో వచనములు చెప్పినది. రౌతు, కళ్లెము చేయువాడు, పాడువాడు అని ప్లేటో వేఱుచేసిన ముగ్గురును అచట ఒక్కరే. 

కాని మనము లక్కమ్మలము కాము. మఠములో వచనము చదువు స్వామివారు, పందిటిలో కథ చెప్పు కథకుడు, తరగతిలో పద్యము చెప్పు నేను — అందరమును నడిమి కడియములమే, పరుల మాటను పలుకువారమే. పద్యము తప్పు లేక అప్పగించిన పిల్లవానికి 30 ఏండ్లుగా మార్కులు వేయుచున్నాను. నేనును ఒక ఇయోనునే. ఈ నడిమి కడియములు లేకపోయిన పని జరుగదు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జనులు పాడుకొనదగిన ద్విపదలో వ్రాసెను. 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. పాడువారు, చెప్పువారు, వినువారు ఒకరికొకరు అందించుకొనుటచేతనే శరణుల చరిత్రములు మనదాక వచ్చినవి. ఆ వరుసలో ఎందఱు లక్కమ్మ వంటివారో, ఎందఱు ఇయోను వంటివారో! ప్లేటో చెప్పినట్లు పాడువారిని పొలిమేర దాటించియుండిన, ఐదక్కి లక్కమ్మ పేరు మా పల్లెకు తెలిసెడిది కాదు. తెలిసియుండనిచో ఆ పిల్లవాడు నన్ను ఆ ప్రశ్న యడుగుటకు వీలే లేదు. ఏ పాటను వాడు అబద్ధమా యని శంకించెనో, ఆ పాటయే వానికి తప్పును కొలుచు కొలతబద్ద నిచ్చినది. ఈ మాట నాకు ఆనాడు తోచియుండిన వానికి చెప్పియుందును.

ఆలస్యముగానైనను ఒక పని చేసితిని. జయంతి వెళ్లిన నెలకో నెలన్నరకో ఒక సాయంకాలము మార్దంగికుని యింటికి పోయితిని. రావలసినది 500. నాకున్న సిగ్గుచేత ఇంకొక 100 కలిపి, ఆరు నూరురూపాయల నోట్లు మడిచి అతని చేతిలో పెట్టితిని. “అన్నా, ఆ రాత్రి నేను చూసినాను. నోరు తెరవకపోయినాను” అంటిని.

అతడు మృదంగపు వారును బిగించుచున్నవాడు చేయి ఆపెను. “ఆయన పాడుతున్నంతసేపు రూకల మాటే నాకు గుర్తు లేదు అయ్యవారూ. అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు. దిగినాకనే గుర్తొచ్చింది” అనెను. ఆ మాటలో కోపము లేదు. పిల్లవాడు గడపమీద కూర్చుండి వినుచుండెను.

తరువాత అతడు నోట్లు విప్పి లెక్కపెట్టెను. ఒక నోటు వేఱుచేసి నా చేతిలో పెట్టి, “మాట ఎనిమిదినూర్లే గదా” అని, మరల వారు బిగించుటకు కూర్చుండెను.